చెరువులో పడ్డ కారు తాళం

శనివారం రాత్రి

కలిదిండి రోడ్డు మీద నా ముందు మోపెడ్‌పై వెళుతున్న ముసలాయనను ఒక కారు గుద్ది పడేసింది. ఆయన మోచేయి చీరుకుపోయింది. కారతను ఇంజన్ ఆపకుండానే దిగి, ఆయన్నే తిట్టి, మళ్లీ ఎక్కబోయాడు. నేను కిటికీలోంచి చేయి పెట్టి తాళం లాగేసి, పక్కనున్న చేపల చెరువులోకి విసిరాను. జావెలిన్ వదిలేసి ఇన్నేళ్లయినా సరిగ్గా నడిమధ్యలో పడింది.

కారతను నా మీద ఫిర్యాదు చేశాడు. స్టేషన్‌లో ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు.

"ఆయన గుద్దింది యాక్సిడెంటండి. మీరు కావాలని విసిరారు కాబట్టి మీది నేరమవుతుందండి."

"గుద్దాక పారిపోబోయింది కావాలని కాదాండీ?" అన్నాను.

అతను పెన్నూ కాగితమూ నా ముందుకు జరిపాడు. "మేడమ్, తాళం మీ చేయి జారి పడిందని రాసివ్వండి. ఇంతటితో వదిలేద్దామండి."

మా ఆయన పక్కనుంచి, "రాసెయ్, పోతుంది" అన్నారు.

జారడమేమిటి? జిల్లా తరఫున జావెలిన్ విసిరిన చేయి ఇది. విసిరానని, చెరువు మధ్యకు గురిచూసి మరీ విసిరానని రాసి సంతకం పెట్టాను.

కేసు పెడతారేమో. మా ఆయనకు నిద్ర పట్టడం లేదు. నాకూ భుజం సలుపుతోంది. వార్మప్ చేయకుండా విసిరాను. ఇవాళ నేను చేసిన తప్పంటూ ఉంటే అదొక్కటే.