తిన్నానని చెప్పిన పూటలు

అక్కకు నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వూ, బావగారూ, బుజ్జిదీ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. బావగారి మోకాలి నొప్పి తగ్గిందంటే మనసు కుదుటపడింది. మా ఆయన పని ఎలా ఉందని అడిగావు. వానలు వదలడం లేదు, తడి గోడకు రంగు ఎవరు వేయిస్తారు? కడిగిన బ్రష్షులే మళ్లీ కడుగుతూ కూర్చుంటున్నాడు. ఆస్పత్రి లాండ్రీలో నాకూ సగం పూటే పని.

ఇక నువ్వు గుచ్చి గుచ్చి అడిగిన మాట. "పసిదాని చేతిమీద కొట్టేంత కోపం ఎక్కణ్ణించి వచ్చిందే?" అన్నావు. 'పిల్లల్లేనిది, దానికేం తెలుసు' అని నువ్వు అనలేదు కానీ, బస్సెక్కుతుంటే నీ మొహం అంది.

మీరు మా ఇంటికొచ్చిన రోజు, భోజనాల దగ్గర బుజ్జిది రెండో గుడ్డుకు చేయి చాచింది. అది నా వంతు గుడ్డు. పొద్దుటినుంచీ నా కళ్లు దానిమీదే ఉన్నాయి. అంతే అక్కా.

మీరు రాకముందునుంచే నేను ఒంటిపూట తింటున్నాను. కడుపు మాడితే కళ్లు తిరుగుతాయని తెలుసు. బుద్ధి కూడా తిరుగుతుందని తెలియదు. నిద్ర పట్టదు. పక్కింటి వంట వాసనకు ఏడుపొస్తుంది. కుళాయి దగ్గర ఎవరు నవ్వినా నన్ను చూసే అనుకుని పోట్లాటకు దిగుతాను. మొన్న ఇస్త్రీపెట్టె దుప్పటిమీదే ఉంచి అలా నిలబడిపోయాను. కాలిన వాసనకు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, నా వాలకం చూసి, తిట్టకుండా డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

నా దిగులంతా విని ఆవిడ, "ఇవాళ ఏం తిన్నావమ్మా?" అంది.

"అన్నం, కూర."

"నిన్న?"

కొంగు అంచు వేలికి చుట్టుకోసాగాను.

"మనసుకు మందు ఇస్తాను. కానీ ముందు కడుపులో ఏదైనా పడాలి. ఇంట్లో తెలుసా?"

"తెలిస్తే తల కొట్టేసినట్టుంటుందండీ."

"తెలియకపోతే ఎలా ఉంటోందో చూస్తున్నావుగా."

ఇంటికొచ్చి ఆయనకు చెప్పేశాను. తల వంచుకుని విన్నాడు. "'సందు చివర బన్ను తిన్నా, ఆకలిగా లేదు' అంటానే, అవన్నీ అబద్ధాలే. నువ్వు తింటావని మిగిల్చేవాణ్ణి" అన్నాడు. ఆయన మిగిల్చిన ఆ అన్నాన్నే నేను మూతపెట్టి, మర్నాడు మళ్లీ ఆయనకే వడ్డించేదాన్ని. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

ఆకలి రుచెరగదంటారు. సిగ్గు మాత్రం బాగా ఎరుగుతుందక్కా. నీ దగ్గర చేయి చాచడానికి ఎన్ని కాగితాలు చింపానో. వానలు తగ్గి ఆయనకు పని దొరికేదాకా మాకు కాస్త బియ్యం పంపు.

బావగారికి చెప్పకు అని రాసి, కొట్టేశాను. చెప్పు. దాచింది చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు