అమ్మ అడిగిన గొళ్ళెం

ఫలక్‌నుమా,
మంగళవారం.

అమ్మకు వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, నీ అల్లుడు, మనవరాలు మున్నీ బాగానే ఉన్నాం. బాగా లేనిదల్లా నా గొంతు ఒక్కటే. అరిచి అరిచి వారం నుంచి కప్పలా బెకబెకమంటున్నాను. మందమర్రిలో నువ్వు, తమ్ముడు జోయెల్, మరదలు, పసివాడు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. ఫోనులో నీకు సగం వినబడదు, వినబడిన సగాన్ని నువ్వు నమ్మవు. యాభై ఏళ్ళకు రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు మరిచిపోకూడదని ఉత్తరమే రాయమంటావు. అడిగినవి మూడు. రెండింటికి ముందు జవాబు చెబుతాను. మూడోది, ఆ గొళ్ళెం పెట్టారా లేదా అన్నది, చివర్లో రాస్తాను. తిట్టుకోకు.

మొదటిది, "పౌరసత్వం క్లాసులేంది బిడ్డా, మనకు ఆధార్ కార్డు ఉండంగ?" అన్నావు. నువ్వే కాదు, మొదటిరోజు ఫ్యాక్టరీలో సగం మంది ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. ఒక పెద్దాయన పాపం యాకుత్‌పురాలో అక్క ఇంటికి పోయి మరీ పాత కరెంటు బిల్లు వెతికి తెచ్చాడు. కాగితాలు ఎవరూ చూడరని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇది కార్డుల సంగతి కాదమ్మా. ఓటు దగ్గర అందరం సమానమైనట్టే, పనిచేసే చోట కూడా ప్రతి మనిషికీ అడిగే హక్కు ఉందని, నలుగురూ కూర్చొని ఇబ్బందులు చెప్పుకోవాలని, పైవాళ్ళు వినాలని చెప్పే కార్యక్రమం. కార్మికులకు నేను నేరుగా నేర్పను. వాళ్ళచేత మాట్లాడించే వాళ్ళకు నేర్పుతాను. వీళ్ళతోనే నా చావంతా.

మందమర్రి పోకముందు నువ్వు ఇరవై రెండేళ్ళు ఊడ్చిన బిస్కెట్ ఫ్యాక్టరీనే నాకిచ్చారు. అక్కడ నా దగ్గర నేర్చుకునే ఇద్దరిలో, స్టోర్స్ చూసే వంశీధర్ గారిది ఏలూరు వైపు. చాలా మర్యాదస్తుడు. రిహార్సల్‌కు కుర్చీలు గుండ్రంగా వేయించండి, అందరూ ఒకరి ముఖం ఒకరు చూడాలి అని చెప్పాను. వేయించాడు. వెళ్ళి చూస్తే కార్మికులంతా కింద టార్పాలిన్ మీద ఉన్నారు.

"కుర్చీలు గుండ్రంగానే వేయించానండి. స్టాఫందరికీ సరిపోయాయి."

"మరి వీళ్ళకు?"

"వాళ్ళకు కింద అలవాటేనండి."

ఆ తర్వాత సమానత్వం మీద నలభై నిమిషాలు ఉపన్యాసం! "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడిగి, ఎవరూ నోరు తెరిచే లోపే "లేవు, సంతోషం" అని టీ తెప్పించాడు. మెషిన్ మీద పనిచేసే నగేష్ ఇంకో రకం. ప్రశ్న వాడే వేస్తాడు, జవాబూ వాడే చెబుతాడు. ఇదేమిటిరా అంటే, "ఆళ్ళేం చెప్తరో నాకు తెల్సు గదక్కా, టైమ్ ఎందుకు ఖరాబ్?" అంటాడు. ఇద్దరినీ గోడకేసి కొట్టాలనిపించింది.

చివరకు బేగంబజార్ పోయి ఒక చిన్న ఇత్తడి గంట కొనుక్కొచ్చాను. మాట్లాడించే మనిషి రెండు నిమిషాలు దాటి మాట్లాడితే గంట కొట్టాలి. కార్మికులు మాట్లాడుతుంటే మాత్రం ముట్టుకోకూడదు. "ఈ గంట మన నోటికి, వాళ్ళ నోటికి కాదు" అని రోజుకు పదిసార్లు చెప్పాను. గొంతు అందుకే పోయింది.

ఇక రెండోది, ఉద్యోగం పర్మనెంటు కాలేదు. రిహార్సల్స్ అయ్యాక, మొన్న గురువారం మొదటి అసలు సమావేశం చూడటానికి హెడ్డాఫీసు మేడమ్ వచ్చింది. ఆమెకు నచ్చితే మిగతా ఫ్యాక్టరీలన్నిటికీ నా పేరే రాస్తానంది. ఆ ఆశే నా కొంప ముంచింది.

ఇక మూడోది, గొళ్ళెం సంగతి చెబుతాను విను. గురువారం అందరికీ కుర్చీలు వేశారు. వంశీధర్ గారే స్వయంగా మోశాడు. ఒక్కొక్కరూ తమ పేరు, పనిచోట తమకు కావలసినది ఒకటి చెప్పాలి. నీ దగ్గర పని నేర్చుకొని ఇప్పుడు నీ చోట ఊడుస్తున్న లీలమ్మ వంతు వచ్చింది. కుర్చీ అంచున కూర్చొని అంది: "నేను నా గురించి చెప్ప. నాకంటె ముందుగాల గీడ మాణిక్యమ్మ అని ఉండె. ఆమె ఎన్నేండ్ల సంది ఒక్కటే అడుగుతుండె..."

అక్కడ ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అందరూ ఎదురుచూస్తున్నారు. హెడ్డాఫీసు మేడమ్ వాచీ చూసుకుంది.

గంట కొట్టింది నేనేనమ్మా.

లీలమ్మ తలవంచుకొని "అయిపాయె మేడం" అంది. పక్కావిడ వంతు మొదలైంది. సమయపాలన బాగుందని హెడ్డాఫీసు మేడమ్ మెచ్చుకుంది. అందరూ వెళ్ళాక వంశీధర్ గారు దగ్గరకు వచ్చి, "మేడమ్, గంట మన నోటికే అన్నారు కదండీ?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారే, అదే నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు మళ్ళీ పోయాను. వెనకాల ఆడవాళ్ళ లెట్రిన్ తలుపు చూశాను. గొళ్ళెం లేదు. మేకుకు పాత చీర పేలిక కట్టి ఉంది. లీలమ్మ చీపురు పట్టుకొని వచ్చింది.

"గీ ముడి మాణిక్యమ్మ నేర్పింది మేడం. ఎవలన్న గుంజినా జల్ది ఊడది."

"ఆమె మా అమ్మ."

లీలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మరి గంటెందుకు కొట్టినవ్ బిడ్డా?"

ఏడ్చాను. ఆమె చెయ్యి చాపింది. సంచిలోంచి గంట తీసి ఇస్తే కొంగున ముడి వేసుకుంది. "ఇగ ఇది నా తాన్నే ఉంటది. ఈసారి నీకు కొడ్త."

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. కార్మికురాలి మాటకు అడ్డం వచ్చింది శిక్షకురాలేనని, ఆడవాళ్ళ లెట్రిన్‌కు గొళ్ళెం లేదని. వంశీధర్ గారు చదివి కింద సంతకం పెట్టాడు. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. గొళ్ళెం మాత్రం ఇంకా పెట్టలేదు. ఎవరో సంతకం చేయాలట, ఆయన సెలవులో ఉన్నాడట! ఒక్క గొళ్ళేనికి!

ఈ గురువారం కాక పై గురువారం మళ్ళీ సమావేశం ఉంది. నీ గురించి మొదలుపెట్టిన ఆ మాట పూర్తిచేయమని లీలమ్మను బతిమాలాను. "ఎవల మాట ఆళ్ళే చెప్పుకోవాలె. ఆమెనే రమ్మను" అంది. ముందురోజు బుధవారం బండికి జోయెల్ నిన్ను ఎక్కిస్తే, నేను స్టేషన్‌కు వస్తాను. వంశీధర్ గారు నీకు కుర్చీ వేస్తానన్నాడు. అంచున కాదు, వెనక్కి ఆనుకొని కూర్చో. ఎంతసేపైనా మాట్లాడు. గంట లీలమ్మ కొంగున ఉంది.

ఇట్లు,
నిన్ను మధ్యలో ఆపిన నీ బిడ్డ
స్వీటీ