లెక్క సరిపోయిన మాత్రలు

అమ్మా,
నేను కులాసా. ఉద్యోగం కూడా ఉంది, కంగారుపడకు.

"ఏ మందిస్తోందో దానికే తెలియదట, అదేం డాక్టరీ?" అని అత్తయ్య వీధంతా చెబుతోందని రాశావు. నిజమే. కొత్త మందు పరీక్షలో సగంమందికి మందు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తాం. ఎవరిది ఏదో వాళ్లకీ తెలియకూడదు, నాకూ తెలియకూడదు.

నా చేతికి అప్పగించిన మొదటి పరీక్ష ఇది, మోకాళ్ల నొప్పులకి. నిన్న ఒక దర్జీ తాత, ఒక డ్రిల్లు మాస్టారు వచ్చారు. రోజూ వేసుకుంటున్నారో లేదో చూద్దామని సీసాల్లో మిగిలిన మాత్రలు లెక్కపెడితే, ఇద్దరి లెక్కలోనూ ఒక్కటి కూడా తేడా లేదు. మెచ్చుకున్నాను. తాత మురిసిపోయాడు.

"నా మాత్రలు బాగా పనిచేస్తున్నాయని ఈయనకి సగం పోశానమ్మా. మీ లెక్క తప్పకూడదని ఈయనవి సగం నేను పోసుకున్నా. నేనొక్కణ్ణే లేచి తిరిగితే ఏం బాగుంటుంది?" అన్నాడు.

మా పెద్ద డాక్టరుగారు తల పట్టుకున్నారు. నేను పదకొండు పేజీల సంజాయిషీ రాశాను. మోకాళ్లు మాత్రం ఇద్దరికీ భేషుగ్గా ఉన్నాయి, ఎందుకో దేవుడికే తెలియాలి.

నా రెండో తెల్లకోటు బీరువాలో ఉంటుంది, గుండీలు కుట్టి పంపు. కుక్కరు రబ్బరు మార్పించావా? నాన్న కళ్లజోడు దొరికిందా?

చోటు అయిపోతోంది, అసలు సంగతి చెబుతాను. నీ బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాయి. అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పి, ఆవిడ షుగరు మాత్రలు కూడా లెక్కపెట్టు. మీ ఇద్దరి లెక్కా సరిగ్గా సరిపోయిందో, మొదటి బండికే బయల్దేరి వస్తాను.

మీ డాక్టరమ్మ