మూత కింద గట్టి నేల

ఇందుమూలంగా మా బావకు తెలియజేయునది ఏమనగా, నిన్న నా కుడి చెప్పు తెగినది. తెగింది ఎక్కడో కాదు, ఉన్న ఇల్లు అమ్మి వచ్చే వారం నువ్వు ఫ్లాటు కొనబోతున్న గ్రీన్ బిల్డింగ్ దగ్గరే.

వాన నీరు ఇంకే గుంత ఇదేనంటూ అక్కడి మేనేజరు ఒక ఇనుప మూత చూపించాడు. నా చెప్పు తెగింది దానికి తట్టుకునే. చుట్టూ పూలకుండీలున్నాయి గానీ, దానిలోకి వచ్చే గొట్టమే లేదు. నాకు అనుమానం వచ్చింది.

“రేపు తనిఖీ ఆఫీసరు వచ్చి ఇందులో ట్యాంకరు నీళ్లు పోయిస్తాడట” అన్నాను.

“ముందే చెప్పొద్దా అన్నా!” అంటూ పరుగెత్తాడు.

నేను టీ తాగి వచ్చేసరికి, మూత తీయించి కింద గట్టి నేలను గునపాలతో తవ్విస్తున్నాడు. సంతకం పెట్టకు బావా.

అన్నట్టు, ఆ ఆఫీసరు పూర్తిగా నా కల్పన. పేరడిగితే నీ పేరే చెప్పాను, నంబరూ నీదే ఇచ్చాను. ఫోనొస్తే కాస్త గట్టిగా కసురు.

ఇట్లు,
నీ బావమరిది