హార్లన్ మామయ్య ట్రైలర్ ఎవరికి చెందాలి

అరిజోనా ఎడారిలో, పాలోవర్డే వాగు ఒడ్డునున్న శీతకాలపు శిబిరంలో నివాసముంటున్న లార్కిన్ స్ట్రౌడ్ అనే నేను, ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో జబ్బు లేదు, తలలో మబ్బు లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బుజ్జగించలేదు, తాగించలేదు. కోపం మాత్రం ఉంది. కోపంగా ఉన్నవాడి వీలునామా చెల్లదని ఏ చట్టంలోనూ లేదు. బట్టలుతుక్కునే గది అల్మరాలో దొరికిన న్యాయ కరపత్రాలన్నీ రెండేసి సార్లు చదివే ఈ మాట అంటున్నాను.

వచ్చే నెల ఉత్తరాన కొండల్లో అడవి మంటలార్పే దళంలో చేరుతున్నాను. ఏమైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలో రాయమని వాళ్ళు దరఖాస్తులో ఒక్క గీత గీసి ఇచ్చారు. ఆ గీత మీద నేను రాయగల పేరు మా వెర్నా అత్తది ఒక్కటే. ఆమె ఫోను ఎత్తదు. మామయ్యను తనే చంపానని నమ్మి, కొడుకు ఇంటి వెనకగదిలో తలుపేసుకు కూర్చుంది. ఆమె చంపలేదు. ఆ సంగతి ఆమెకు చేర్చడానికే ఈ వీలునామా. ఆస్తి పంపకం తర్వాతి మాట.

1. ఇంతకు ముందు రాసిన వీలునామా రద్దు చేస్తున్నాను. అది పదహారో ఏట రాశాను. అందులో నా సైకిలును ప్రపంచ శ్రామికులందరికీ ఉమ్మడిగా దఖలు పరిచాను. వాళ్ళకి అందేలోపే వెర్నా అత్త కొడుకు బ్రెంట్ బావ దాన్ని అమ్ముకున్నాడు.

2. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా పక్క రాళ్ళ వలయంలో ఉండే ఐడెల్ ప్రూయిట్‌కు అప్పగిస్తున్నాను. ఈ శిబిరంలో నేల ఎవరిదీ కాదు. ఎవరి జాగా చుట్టూ వాళ్ళు రాళ్ళు పేర్చుకుంటారు, వేసవికి వెళ్ళిపోయినా ఆ రాళ్ళ జోలికి ఎవరూ పోరు. పట్టాలూ రిజిస్ట్రీలూ పుట్టక ముందు మనుషులు ఇలాగే బతికారని నేను ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడల్లా ఐడెల్ పిన్ని, "ముందు నీ చెత్త సంచీ మూతి కట్టు నాయనా, కాకులు లాగేస్తున్నాయి. ప్రపంచాన్ని తర్వాత మారుద్దువు" అంటుంది. బడి బస్సు నడిపి నడిపి గొంతు పెంచుకున్న మనిషి. వెర్నా అత్త తలుపు వెనక నుంచి కూడా వినిపించేలా చదవగలది ఆమే.

3. నా ఆస్తి: కారు వెనక తగిలించి లాక్కెళ్ళే పాత ట్రైలర్ ఒకటి. చక్రాలున్నాయి కనక చట్టం దాన్ని చరాస్తి అంటుంది. చలికాలమంతా ఒకే చోట నిలబడి మమ్మల్ని సాకింది కనక నేను ఇల్లంటాను.

అది హార్లన్ మామయ్యది, వెర్నా అత్తది. మామయ్య మా అమ్మకు అన్న. నవంబరు వచ్చిందంటే అమ్మ నన్ను వాళ్ళ దగ్గర దింపేసి తన దారిన తను పోయేది. పగలు భోజనాల బల్ల, రాత్రి దాన్ని దించితే నా మంచం. ఆ ట్రైలర్‌ను ఎంచుకున్న రోజు నేనూ ట్రైలర్లు అమ్మే దొడ్లో ఉన్నాను. అమ్మేవాడు, "అమ్మా, ఇందులో నాలుగు కాలాలూ మహారాణిలా ఉండొచ్చు" అన్నాడు. అత్త, "నాలుగెందుకు నాయనా, నాకు ఒక్క చలికాలం చాలు. నువ్వు కాసేపు ఎండలో నించో" అని తలుపేసింది. మూలల్లో గోడల్ని అరచేత్తో నొక్కి చూసింది. అల్మరాల్లో తల దూర్చి వాసన చూసింది. తడి పట్టిన చెక్క దాగదంటుంది. చెప్పులు విడిచి మంచం మీద పడుకుంది. మామయ్యని రెండోవైపు పడుకోమంది. ఒకరు లేస్తే ఇంకొకరి మీంచి ఎక్కి దిగక్కర్లేదని తేల్చుకుంది. నీళ్ళ తొట్టి ఎన్నాళ్ళకు సరిపోతుందో, మామయ్య పాత బండి దీన్ని కొండ ఎక్కించగలదో లేదో అడిగింది. అన్నీ అయ్యాక మామయ్యతో, "ఇప్పుడు నాతో పోట్లాడు. ఐదు నెలలు ఇద్దరం ఒకే డబ్బాలో ఉండబోతున్నాం. అలిగితే కూర్చోడానికి చోటుందో లేదో చూడొద్దూ?" అంది.

పోట్లాడారు, నేను తీసుకురాని ఐస్‌క్రీం గురించి. అత్త విసురుగా వెనక కిటికీ పక్క సీటు మీదికి పోయి అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి, "ఇదే తీసుకుందాం" అంది, మొహం ఇటు తిప్పకుండానే. ఆ రోజు నుంచీ దాని పేరు అలక సీటు.

4. జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వేసవిలో ఇక్కడ మనిషి ఉండలేడు. అందుకని ట్రైలర్లు పట్నం బయట నిలవ దొడ్లో పెట్టి ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. పోయే ముందు గాలి కిటికీకీ, నీళ్ళ గొట్టానికీ, హీటర్ పొగ బయటికి వచ్చే మూతికీ మూతలు వేస్తారు, లేకపోతే కుమ్మరి పురుగులు మట్టితో గూళ్ళు కడతాయి. వేసిన ప్రతి మూతకీ ఎర్ర రిబ్బను కడతారు. మా ట్రైలర్‌కు కట్టేది అత్తే. తిరిగొచ్చిన రోజున మూతలు విప్పే సాయంత్రం చేసుకుంటారు. ఎవరి మూతలు వాళ్ళు విప్పరు. తన ట్రైలర్ తనకి అలవాటైపోయి కంటికి ఆనదని, ఇరుగుపొరుగు చుట్టూ తిరిగి, చక్రాలు తట్టి, మూతలు విప్పి, రిబ్బన్లు ఇంటావిడ చేతిలో పెడతారు. అప్పుడు గానీ హీటర్ వెలిగించరు, మూత ఉండిపోతే పొగ లోపలే నిండి మనిషిని చంపుతుంది.

రెండేళ్ళ క్రితం అత్తకు మోకాలి ఆపరేషన్ అయింది. "నువ్వు ముందెళ్ళి చోటు చూడు, నా పక్కన కూర్చుని నిట్టూర్పులు విడవకు" అని మామయ్యను పంపింది. అందరికంటే ముందొచ్చాడు. ఆ వారమే చలి విరుచుకుపడింది. మూతలు విప్పడానికి వాగు ఒడ్డున ఇంకో మనిషి లేడు. తనే చుట్టూ తిరిగాడు. రెండు మూతలు విప్పాడు కూడా. హీటర్ దగ్గర ఎర్రగా ఏమీ కనిపించలేదు కాబోలు. వెలిగించుకుని పడుకున్నాడు. విషవాయువు వస్తే అరిచే పెట్టె ఉల్లిపాయలు వేయించినా అరుస్తోందని ఎప్పుడో పీకేశాడు. ఐడెల్ పిన్ని వచ్చి అలవాటుగా హారన్ కొట్టింది. తలుపు తెరుచుకోలేదు.

హీటర్ మూత ఊడబెరికిన షెరీఫ్ మనిషి, "దీనికి ఎర్ర గుర్తేదీ లేదే" అన్నాడు. ఆ ఒక్కమాట అందరి చెవులా పడింది. సమాధి దగ్గర బ్రెంట్ బావ నలుగురిలో, "అమ్మా, ఒక్క రిబ్బను. ఒక్క రిబ్బను కట్టి ఉంటే నాన్న బతికేవాడు" అన్నాడు. ఆ సాయంత్రమే అత్త వెనకగదిలో తలుపేసుకుంది. తర్వాత నాతో ఫోనులో ఒకేసారి మాట్లాడింది: "కట్టానో లేదో నాకు గుర్తు రావట్లేదురా లార్కీ. ఎంత తవ్వుకున్నా రావట్లేదు. ఆ ట్రైలర్ నువ్వు తీసుకుపో. చక్రాలున్నదేదీ నా కళ్ళ ముందు ఉంచకు."

5. ఇది ఆస్తికి సంబంధించిన దోషం కనక, పుచ్చుకునేవాళ్ళకు దాచకుండా చెప్పాలి. ట్రైలర్‌లో మామయ్య ఉన్నాడు. దయ్యాలు లేవని చెప్పే కరపత్రాలు నేనే పంచాను, ఇప్పటికీ వాటిని ఖండించను. కానీ ఉన్నాడు. ఎన్ని చెక్కలు పెట్టి సరిచేసినా ట్రైలర్ ఆయన పడుకునే వైపుకే ఒరుగుతుంది. ఆ పక్క నేనెప్పుడూ పడుకోను, అయినా పరుపు గుంట పూడదు. దీపాలు పెట్టే వేళకు హీటర్ వెలిగిస్తే మొదట చక్రం దగ్గర టక్కుమంటుంది. తర్వాత నీళ్ళ గొట్టం దగ్గర. తర్వాత పైన గాలి కిటికీ దగ్గర. మూతలు విప్పే సాయంత్రం ఇరుగుపొరుగు తిరిగే వరస అదే. హీటర్ పొగమూతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. వేడికి రేకు సాగి చప్పుడవుతుందని నాకూ తెలుసు. రేకుకి వరస ఎవరు నేర్పారు?

చప్పుడు ఆగగానే నేను బయటికి వెళ్ళి ఆ మూతి ముందు అరచెయ్యి పెడతాను. "తెరిచే ఉంది మామయ్యా, వేడి గాలి వస్తోంది చూడు" అంటాను. ఊరుకుంటాడు. మర్నాడు మళ్ళీ మొదలు. నా మాట ఆయనకు చాలట్లేదు. ఆయన ఎవరి మాట కోసం తిరుగుతున్నాడో నాకు తెలుసు.

6. కాబట్టి నా తదనంతరం సదరు ట్రైలర్‌ను, బల్లతో, మంచంతో, అలక సీటుతో, టక్కుమనే చప్పుడుతో సహా, సర్వహక్కులతో వెర్నా స్ట్రౌడ్‌కు, అంటే మా అత్తకు, దఖలు పరుస్తున్నాను. ఆమె దాన్ని వద్దంటే ఆమెకు ఇంకో ట్రైలర్ ఎంచిపెట్టాల్సింది ఐడెల్ పిన్ని. షరతులు: గోడలు అత్తే నొక్కి చూడాలి. మంచానికి రెండువైపులా దారి ఉండాలి, ఒక్క మనిషి పడుకునేదైనా సరే. తలుపు పొద్దుటి ఎండకు తెరుచుకోవాలి. కొనే ముందు లోపల ఎవరితోనైనా పోట్లాడాలి. పోట్లాడ్డానికి మనిషి కావలిస్తే శిబిరంలో కొదవలేదు. "ఇందులో ఎల్లకాలం నివసించరాదు" అని సన్నక్షరాల్లో అచ్చేసి, అమ్మేటప్పుడు మహారాణి కబుర్లు చెప్పే వాళ్ళ దొడ్లోకి మాత్రం ఆమెను తీసుకెళ్ళకూడదు. ఉండడానికి కాని గోడల్ని ఉండేవాళ్ళకు అమ్మడం దోపిడీ. దీని మీద నాలుగు పేజీలు రాశాను, జతపరుస్తున్నాను. చదవకపోయినా ఫరవాలేదు.

7. బ్రెంట్ బావ ఈ ట్రైలర్‌ను అమ్మి పారేద్దామన్నాడు, లోపల ఏం జరిగిందో కొనేవాళ్ళకు చెప్పకుండా. అతనికి ఇందులో చెక్కముక్క కూడా చెందదు. మామయ్య రసమట్టం మాత్రం ఇస్తున్నాను. ట్రైలర్ నిలబెట్టేటప్పుడు ఏది వాలిందో, ఏది సరిగ్గా ఉందో చూసుకునేది. ఏదైనా మాట అనే ముందు దాని గాజులోకి ఓసారి చూసుకొమ్మనండి. ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను. కానీ సమాధి దగ్గర ఆ మాట అన్నాక అతను కారు వెనక నక్కి, పిడికిలి నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను. మామయ్య ఉన్ని టోపీ కూడా అతనికే ఇస్తున్నాను. ఇంకా ఆయన వాసన ఉంది. ఉతకొద్దు.

8. ఈ శిబిరం వారికి: మామయ్య పోయాక మీరు మూతలు విప్పే సాయంత్రం మానేశారు. ఎవరి మూతలు వాళ్ళే విప్పుకుంటున్నారు, తలుపులేసుకుంటున్నారు. "పొరుగువాణ్ణి నమ్ముకునే కదా పోయాడు" అంటున్నారు. తప్పు. ఆయన పోయింది పొరుగువాడు లేక. ఆ సాయంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టమని అడగట్లేదు, డిమాండ్ చేస్తున్నాను. ముందొచ్చినవాడు ఇంకొకరు వచ్చేదాకా పట్నంలో పడుకోవాలి. ఇకనుంచి రిబ్బను వద్దు; హీటర్ మూతకీ తలుపు పిడికీ ఒకే తాడు కట్టండి, మూత ఊడకుండా తలుపు తెరుచుకోదు. నా రాళ్ళ వలయాన్ని ఒక్క చలికాలం ఖాళీగా ఉంచండి. ఆపైన ఇల్లు లేక వచ్చిన ఎవరికైనా ఇవ్వండి, ఏ కాగితమూ అడక్కుండా. నా కరపత్రాలు బట్టలుతుక్కునే గది అల్మరాలోనే పెట్టండి.

9. వీలునామా మనిషి పోయాకే చదవాలట. నాకంత ఓపిక లేదు. ఐడెల్ పిన్ని ఈ వారమే బయల్దేరి వెళ్ళి, నేను బతికుండగానే, ఈ కింది అంశాన్ని వెర్నా అత్తకు చదివి వినిపించాలి. చట్టం ఒప్పుకోకపోతే చట్టాన్ని నా దగ్గరికి పంపండి.

10. వేసవికి సర్దుకుంటూ మొన్న ట్రైలర్ వెనక అర ఖాళీ చేశాను. అడుగున, చెక్కల వెనక, ఆ హీటర్ మూత దొరికింది. ఊడబెరికిన షెరీఫ్ మనిషి ఆ రోజే అందులోకి విసిరేసి ఉంటాడు. అప్పటి నుంచీ దాని మీద ఎండ పడలేదు. దానికి ఒక రిబ్బను కట్టి ఉంది, తెల్లది. ఎర్ర గుర్తు లేదన్నవాడు అబద్ధమాడలేదు. మామయ్యకూ తెల్ల రేకు మీద తెల్ల గుడ్డ కనిపించి ఉండదు. కానీ ఈ శిబిరంలో తెల్ల రిబ్బను ఎవరూ కట్టరు. రెండు సుళ్ళు తిప్పి కట్టే ఆ ముడి అత్తది. నా చిన్నప్పటి బూట్లకు అదే వేసేది.

అత్తా, నువ్వు కట్టావు. నిలవ దొడ్లో వేసవంతా హీటర్ వైపే పడిన ఎండ దాని రంగు తాగేసింది. మామయ్యకి చెప్పాల్సింది నువ్వే, నా మాట ఆయన వినడు. మూతా రిబ్బనూ ఐడెల్ పిన్ని నీకు తెస్తోంది, వాటిని ఇప్పుడే, ఈ క్షణం నుంచే, నీకు దఖలు పరుస్తున్నాను. ముడి నేను విప్పలేదు. గోటితో ఒక మడత ఎత్తి చూశానంతే. నువ్వే విప్పు. లోపలంతా ఎరుపే.

తేదీ: 2022 ఏప్రిల్ పదకొండు. పాలోవర్డే వాగు శిబిరం.

సంతకం: లార్కిన్ స్ట్రౌడ్

సాక్షులు: లెనార్డ్ వాస్క్, ఫేయ్ టిబెట్స్. మాకు ఈ ఆస్తిలో ఏ భాగమూ లేదు. లార్కిన్ మా కళ్ళ ముందే సంతకం చేశాడు. చేసేటప్పుడు ఎవరి మీదా అరవలేదు. అతను అడిగిన మీదట మేమిద్దరం ట్రైలర్ చుట్టూ తిరిగి తట్టి చూశాం. మూతలన్నీ విప్పే ఉన్నాయి.