మానస గుండె కోసం ఇటిక్యాల తిమ్మమ్మ రాయించిన వీలునామా

జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాల వాసిని, కీర్తిశేషులు నాగన్న భార్యను, అరవై ఎనిమిదేళ్ల తిమ్మమ్మను నేను. నాకు మోకాళ్లు పోయాయి గానీ మతి పోలేదు. ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా ఇష్టంతో ఈ వీలునామా చెబుతున్నాను. దస్తావేజులు రాసే శ్రీనాథ్ రాస్తున్నాడు. నా మాటలు దిద్దవద్దని అతనికి ముందే చెప్పాను.

1. నా పేరున ఉన్న రెండెకరాల చెల్క పొలం నా తదనంతరం నా కోడలు యమునకు సర్వహక్కులతో చెందాలి. కొడుకుండగా కోడలికేమిటని అడిగేవారి కోసం కారణం కూడా రాయిస్తున్నాను.

నా మొదటి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పాలు తాగలేక నీలంగా మారాడు. పసుపు కొమ్ము కాల్చి కడుపు మీద చురకలు పెట్టమంది మా అత్త. నాకు చేతులాడలేదు. మర్నాడు పెట్టాను. పందొమ్మిదో రోజు వాడు పోయాడు. ఒక్క రోజు ఆలస్యం చేసి నేనే చంపుకున్నానని నలభై ఏళ్లు నమ్మాను. అందుకే ఆ తర్వాత ఊళ్లో ఏ పసిబిడ్డకు ఆయాసం వచ్చినా, పిలిచీ పిలవకముందే పసుపు కొమ్ము పట్టుకుని వెళ్లేదాన్ని.

2018లో నా కొడుకు గోవిందుకు, యమునకు మానస పుట్టింది. నాలుగో రోజు ఆశా కార్యకర్త హన్మమ్మ చూడటానికి వచ్చి, పాలు తాగుతుంటే పిల్లకు చెమటలు పడుతున్నాయని, పెదాలు నీలంగా ఉన్నాయని గుర్తుపట్టింది. పసుపు కొమ్ము కాల్చడానికి నేను అప్పటికే దీపం వెలిగించాను. పచ్చి బాలింత యమున లేచి పిల్లను లాక్కుంది. “అత్తమ్మా, నువ్వు పిల్లను ముట్టకు. నేను దవాఖానకు పోత, నువ్వేమన్న అనుకో” అంది. నేను అనరాని మాటలన్నీ అన్నాను. మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

గద్వాల నుంచి హైదరాబాదుకు పంపారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే దారిలో కవాటం పుట్టుకతోనే అతుక్కుపోయిందట. తొడ నరం గుండా సన్నని గొట్టం పంపి, దాని కొసన బుడగ ఉబ్బించి తెరిచారు. ఏడాది పరీక్షకు నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మను పోయిన నా మొదటి బిడ్డ సంగతి అడిగాను. చూడని బిడ్డ గురించి ఖాయంగా చెప్పలేనని, ఇలాంటిదే అయి ఉంటే చురకలు ఒక రోజు ముందు పెట్టినా వెనక పెట్టినా ఒకటేనని, అది నా ఆలస్యం వల్ల జరగలేదని చెప్పింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాను. యమున నా పక్కనే కూర్చుంది. నా మనవరాలిని నాకు దక్కించిన ఆమెకు రెండెకరాలు ఏపాటి?

2. ఇల్లు గోవిందుకు. వాడు మంచివాడే, కానీ ఆ రోజు గుమ్మంలో నిలబడి ఒకసారి నా ముఖం, ఒకసారి పెళ్లాం ముఖం చూశాడు. ఇకనైనా పెళ్లాం మాట వినాలి.

3. వెండి కడియాలు హన్మమ్మకు. పాతకాలపువని వేసుకోదు, తెలుసు. కరిగించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

4. “పిల్లను కోయించనీకి ఎత్కపోయింది” అని యమున గురించి ఊరంతా చాటిన పక్కింటి పెంటమ్మకు ఏమీ లేదు. ఆ మాట మొదట అన్నది నేనే కాబట్టి కోపం కూడా లేదు.

5. మానసకు నా చీరలతో కుట్టిన బొంత. ఊళ్లో చాలామంది కడుపుల మీద నా చురకల మచ్చలున్నాయి. నన్ను క్షమించమని వాళ్లందరినీ అడుగుతున్నాను. మానసా, నీ కడుపు మీద ఆ మచ్చ లేదు. అది మీ అమ్మ పుణ్యం.

6. ఎదిగేకొద్దీ కవాటం మళ్లీ బిగుసుకోవచ్చని, ఏటా పరీక్ష తప్పకూడదని డాక్టరమ్మ చెప్పింది. మైల వస్తే పదకొండు రోజులు ఊరు దాటని ఇల్లు మాది. నేను పోయినప్పుడు ఆ ఆచారం చెల్లదు. పరీక్ష తేదీ మైలలో పడితే వెళ్లాలి. నేను పోయిన రోజే పడితే, శవం దగ్గర కూర్చోకుండా యమున, గోవిందు పిల్లను తీసుకుని బస్సెక్కాలి. మీరు తిరిగొచ్చేదాకా నన్ను ఎత్తవద్దని ఊరివాళ్లకు చెప్పి ఉంచాను. నేను ఆగుతాను.

ఇటిక్యాల, 2025 నవంబరు 12.

తిమ్మమ్మ (ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

సాక్షులు: ఎల్లన్న, దినేష్
రాసినవారు: శ్రీనాథ్