మాత్రకు ఒక్క గుక్క

జూలై 7, సోమవారం
నా భార్య కరుణకు ఇవాళ్టి నుంచి మాత్రలు. పద్నాలుగు రోజులు. ఆపరేషన్ గాయం మానింది. రొమ్ము తీసేశారు, ఇక ఒంట్లో ఎక్కడైనా దాక్కున్న క్యాన్సర్ గింజల వేట. మందు పేరు సైక్లోఫాస్ఫమైడ్. మూడుసార్లు రాసి నేర్చుకున్నాను. ఐదో తరగతితో బడి వదిలినవాణ్ణి. అయినా బైబిలు బోధకుణ్ణి, హెబ్రీ పేర్లకు తిరిగిన నాలుక దీనికి తిరగదా?

నెల్లూరు ఆసుపత్రిలో నర్సు శాంతి ఓపిగ్గా చెప్పింది. "కణం రెండు కావాలంటే లోపలి జంట పోగులు విడిపోవాలన్నా, జిప్పు తెరిచినట్టు. ఈ మందు ఆ రెండిటినీ కలిపి కట్టేస్తది. ఇంక తెరుచుకోదు."

పోర్టు వాళ్ళ యూనిఫారాలు కుట్టే నాకు జిప్పు గురించి చెప్తోంది! అడ్డంగా నాలుగు కుట్లు వేస్తే ఏ జిప్పు కదులుతుంది? అర్థమైంది.

"మంచి కణమేదో చెడ్డదేదో దానికెట్ట తెలుస్తుందమ్మా?"

"తెలీదన్నా. తొందరగా పెరిగేవాటిని ఎక్కువ కొడతది. జుట్టు రాలేది, నోరు పూసేది అందుకే."

గోధుమలూ గురుగుల కలుపూ కలిసి పెరిగే పొలం. కోతదాకా ఆగమంది వాక్యం. వీళ్ళు ఆగరు.

ఇంకేదో కూడా చెప్పింది... మాత్ర పొద్దున్నే వేయాలి, మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, మూత్రం ఆపుకోకూడదు. తలూపాను. నీళ్ళు తాగమని చెప్పని ఆసుపత్రి ఎక్కడుంది?

జూలై 9, బుధవారం
కుట్టు మిషను ఆపి ఫోన్లో చదివాను. ఈ మందు యుద్ధంలో మనుషుల మీద వదిలిన విషవాయువుకు చుట్టం! ఆ విషం రక్తంలో తెల్లకణాలను కూల్చడం చూసి, రోగం మీదికి తిప్పారట. ఖడ్గాలు నాగటి నక్కులు కావడమంటే ఇదే కదా. ప్రసంగం దొరికింది.

కరుణకు చెప్పాను. "నాలోకి పోయేది కత్తా, నాగలా? అది తేల్చు ముందు" అంది.

జూలై 10, గురువారం
రేపటి నుంచి మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించాను. కరుణ కోసమే. గ్రంథంలో ఒక రాణి తన జనం ప్రాణాల కోసం చేసినట్టు, తిండీ లేదు, నీళ్ళూ లేవు. "చుక్క నీరు గొంతు దిగకూడదు" అన్నాను మైకులో. ముత్తుకూరు సెంటరుదాకా వినపడి ఉంటుంది.

ఇంటికొచ్చి కరుణతో, "నువ్వు మాత్ర మాత్రం మానొద్దు" అన్నాను. నీళ్ళ మాట ఎత్తలేదు.

జూలై 12, శనివారం
రెండో రోజు. రేకుల మందిరం, సెగ, ఫ్యాన్లు వేడిగాలిని తిప్పుతున్నాయి. ఆడవాళ్ళ వరుసలో మొదట కరుణ. పక్కన మా సంఘంలోని రూతమ్మక్క. కరుణ సంచిలో నీళ్ళ సీసా... మూత కూడా తీయలేదు. బోధకుడి భార్య! అందరూ చూస్తున్నారు. ఎంత గర్వపడ్డాను.

జూలై 13, ఆదివారం
ముగిసింది. మూత్రం మంటగా ఉందంటోంది కరుణ. "ఉపవాసం వేడిలే" అన్నాను.

జూలై 14, సోమవారం
పొద్దున్నే బాత్రూములోంచి పిలిచింది. ఎర్రగా. గడ్డలు గడ్డలుగా.

ఆటో. దారంతా పొత్తికడుపు పట్టుకుని వంగిపోయింది. ప్రార్థన చెయ్యమని అడగలేదు. నేనూ చేయలేదు.

జూలై 15, మంగళవారం
డాక్టరమ్మ చిన్న వయసు. మాట గట్టి. "మాత్ర ఒంట్లో విరిగితే అక్రోలిన్ అని ఒక చెత్త పుడుతుంది. అది మూత్రంలోకి దిగుతుంది. నీళ్ళు తాగితే కడుక్కుపోతుంది. తాగకపోతే మూత్రాశయం లోపలి పొరను కాలుస్తూ కూర్చుంటుంది. ఎన్ని నీళ్ళు తాగినావమ్మా?"

"మాత్రకు ఒక్క గుక్క."

"రోజంతా?"

"మూడు రోజులూ అంతే."

"ఎవరు తాగొద్దన్నారు?"

నేను మంచం పక్కనే ఉన్నాను. కరుణ నా వైపు చూడలేదు. "ఎవురూ అనలేదు మేడం. నేనే."

అబద్ధమాడే నాలుక మీద ఎన్ని ప్రసంగాలు చేశానో. ఆమె నా కోసం ఆడుతుంటే — నిలబడి విన్నాను.

గొట్టం వేశారు. లోపలికి నీళ్ళు పంపి కడుగుతున్నారు. మాత్రలు ఆపేశారు.

జూలై 16, బుధవారం
లేత ఎరుపు. మంచానికి వేలాడే ఆ మూత్రం సంచి తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

జూలై 18, శుక్రవారం
సంఘ పెద్ద దేవదానం అన్న వచ్చాడు, బత్తాయిలతో.

"సాతాను దెబ్బ తమ్ముడూ. ఆదివారం నుంచి ఏడు రోజులు పడదాం ఉపవాసం."

"నీళ్ళు?"

"నీళ్ళెందుకు? మొన్న చేసిందే ఇంకా గట్టిగా చేస్తాం."

కడుపు జబ్బున్న శిష్యుణ్ణి వట్టి నీళ్ళే కాదు, ఒంటి కోసం కొంచెం ద్రాక్షారసమూ తాగమని అపొస్తలుడు ఉత్తరంలో రాశాడు. వందసార్లు చదివాను. వందసార్లూ దాటేశాను...

జూలై 20, ఆదివారం
చెప్పేశాను. మైకు పక్కన పెట్టి. "కరుణ మూత్రంలో పడిన రక్తం సాతాను పని కాదు. నా పని. నీళ్ళు తాగాలని నర్సు చెప్పింది. నేను విన్నాను. విని కూడా ఆపించాను."

రూతమ్మక్క ఏడ్చింది. "నా పక్కనే కూర్చోనుంది గదయ్యా, పెదాలు ఎండిపోయి. తాగు మే అంటే నవ్వింది." దేవదానం అన్న లేచి వెళ్ళిపోయాడు. ఉపవాసం లేదు. నాకు తేలికైంది.

మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాను. వార్త నాకంటే ముందే చేరింది.

"ఏమయ్యా, నా ఉచ్చ సంగతి సంఘమంతా చాటినావా? రోగం పోయినా నేను ఏ మొగం పెట్టుకోని మందిరానికి పోయేది?"

నా పాపం ఒప్పుకోవాలనే అనుకున్నాను. ఒప్పుకున్నది ఆమె ఒంటితో. రెండోసారి కూడా... ఆమెను అడగకుండానే.

జూలై 21, సోమవారం
మూత్రం తేటగా ఉంది. గొట్టం తీశారు.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి, అదే మందు, ఈసారి సెలైన్లో, మూత్రాశయాన్ని కాపాడే మరో మందు తోడుగా. మళ్ళీ రక్తం పడదని మాట ఇవ్వలేదు. రెండోది, దీన్ని తీసేసి మిగతా మందులతో నడపడం. రోగం మీద దెబ్బ తగ్గవచ్చు. బుధవారం లోపు చెప్పాలి.

ఆమె వెళ్ళాక నేను నోరు తెరిచాను. కరుణ చెయ్యెత్తింది.

"నువ్వు చెప్తే నీళ్ళు మానినా. వాళ్ళు చెప్తే మాత్ర మింగినా. ఇది నేను చెప్తా."

"ఏమనుకున్నావు?"

"నీకు ముందు చెప్పను. చెప్తే దానికొక వాక్యం పట్టకొస్తావు."

గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదు, ఊపిరి తెలుస్తోంది.

ఇంకా రెండు రోజులు. నోరు మూసుకుని కూర్చోవడం నాకెవరూ నేర్పలేదు —